వీధి ఫొటోగ్రఫీ: లెన్స్ ఎంచుకోవడమంటే దూరాన్ని ఎంచుకోవడమే

కెమెరా కొనబోయేవాళ్లు మొదట మెగాపిక్సెళ్లు లెక్కపెడతారు. తర్వాత జూమ్ ఎంత దూరం లాగుతుందో చూస్తారు. వీధి ఫొటోగ్రఫీకి ఈ రెండింటితో పెద్దగా పని లేదు. ఎదుటి మనిషికి ఎంత దూరంలో నిలబడి ఫొటో తీయాలన్నది ముందు తేల్చుకుంటే, ఏ లెన్స్ కావాలో, ఆపైన ఏ కెమెరా కావాలో చాలావరకు తేలిపోతుంది.

లెక్క సులువే. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాను అడ్డంగా పట్టుకుని, నిలబడ్డ మనిషిని తల నుంచి పాదాల దాకా ఫ్రేములోకి తేవాలంటే 28 మి.మీ. లెన్స్‌తో సుమారు 2 మీటర్ల దూరం సరిపోతుంది. 35 మి.మీ. అయితే రెండున్నర మీటర్లు దాటాలి, 50 మి.మీ. అయితే మూడు ముప్పావు. అదే 200 మి.మీ. జూమ్‌తో అయితే 15 మీటర్లు వెనక్కి పోవాలి. చార్మినార్ పక్కన లాడ్ బజార్‌లోనో, పాత ఢిల్లీలో చాందినీ చౌక్ వెనక గల్లీల్లోనో 15 మీటర్ల ఖాళీ దొరకడం కల్ల. మధ్యలో ఒక తోపుడు బండి, రెండు స్కూటర్లు, పదిమంది జనం అడ్డొస్తారు. మన బజార్లలో 28, 35 మి.మీ. లెన్సులు నప్పడానికి మొదటి కారణం ఈ ఇరుకే.

రెండో కారణం మర్యాదకు సంబంధించింది. రెండు మీటర్ల దూరంలో కెమెరా ఎత్తితే ఎదుటి మనిషికి కనిపిస్తుంది. వద్దని చెయ్యి అడ్డం పెట్టవచ్చు, మొహం తిప్పుకోవచ్చు, ఎందుకు తీస్తున్నావని నిలదీయవచ్చు, నవ్వవచ్చు కూడా. పొడవాటి జూమ్‌తో దూరం నుంచి తీసినప్పుడు ఆ అవకాశమేదీ వాళ్లకు ఉండదు. ఫుట్‌పాత్ మీద నిద్రపోయేవాళ్లు, బరువులు మోసే కూలీలు, బిచ్చమెత్తుకునేవాళ్లు ఇలాంటి ఫొటోల్లో తరచూ కనిపిస్తారంటే, కాదనే వీలు అందరికన్నా తక్కువ ఉన్నది వాళ్లకే. దగ్గరి లెన్స్ పట్టుకున్నంత మాత్రాన ఎవరూ మంచివాళ్లైపోరు. కానీ దాక్కునే సౌకర్యం పోతుంది.

50 మి.మీ. సంగతి వేరు. హెన్రీ కార్టియర్ బ్రెసన్ జీవితంలో ఎక్కువ భాగం చిన్న లైకా కెమెరాకు ఈ లెన్సే తగిలించుకుని తిరిగాడు. 1948 జనవరి 30న, హత్యకు కొద్దిసేపటి ముందు గాంధీని కలిసిన ఫొటోగ్రాఫర్ ఆయనే. ఒక మొహాన్నో, ఒక చేతి కదలికనో విడిగా పట్టుకోవడానికి 50 బాగుంటుంది. భారతీయ వీధిని రంగుల్లో చూపిన రఘుబీర్ సింగ్ దారి వేరే. ఒకే ఫ్రేములో ముందొకరు, మధ్యలో ఇద్దరు, వెనక గోడ మీద నీడ, ఇలా పొరలు పొరలుగా జనం కావాలంటే వెడల్పు లెన్సే అనువు. ఆయన ఎక్కువగా వాడిన కొడాక్రోమ్ స్లైడ్ ఫిల్మ్ వేగం ఐఎస్ఓ 64, అంతకన్నా తక్కువ కూడా. ఇప్పటి కెమెరాలు 3200 దగ్గర కూడా ఫొటోను చెడగొట్టవు కాబట్టి, వెలుతురు చాలదని వేల రూపాయలు పెట్టి ఎఫ్/1.4 లెన్స్ కొనడం చాలామందికి అనవసరం.

పైగా వీధిలో లెన్స్‌ను పూర్తిగా తెరిచి తీసేది తక్కువ. పాతకాలం ఫొటోగ్రాఫర్ల పద్ధతి ఇప్పటికీ పనిచేస్తుంది. ఫుల్‌ఫ్రేమ్ మీద 35 మి.మీ. లెన్స్‌ను ఎఫ్/8 దగ్గర ఉంచి, ఫోకస్ రెండున్నర మీటర్లకు ముందే బిగించేస్తే, సుమారు 1.7 మీటర్ల నుంచి దాదాపు 5 మీటర్ల దాకా ఉన్నవన్నీ స్పష్టంగా పడతాయి. ఆటోఫోకస్ కోసం ఆగే పనే లేదు. 50 మి.మీ.తో అదే చేస్తే 2 మీటర్ల నుంచి 3.3 మీటర్ల దాకానే స్పష్టత ఉంటుంది. నడిచే మనుషులకు షట్టర్ సెకనులో 250వ వంతు, పరుగెత్తే పిల్లలకు 500వ వంతు పెట్టి, ఐఎస్ఓను ఆటోకు వదిలేయవచ్చు.

ఇక కెమెరా. చిన్నదిగా, నిశ్శబ్దంగా ఉంటే చాలు. రికో జీఆర్ త్రీ చొక్కా జేబులో పట్టేస్తుంది, దాని లెన్స్ 28 మి.మీ.కు సమానం. ఫుజీఫిల్మ్ ఎక్స్100 వరుస కెమెరాల లెన్స్ 35కు సమానం. ఈ వరుసలో 2024లో వచ్చిన ఎక్స్100 సిక్స్‌కు బాడీలోనే స్టెబిలైజేషన్ చేర్చారు. అది చేతి వణుకును సరిచేస్తుంది గానీ, ఎదురుగా కదిలే మనిషిని ఆపలేదు. ప్రకటనల్లో ఈ తేడా అంతగా వినిపించదు.

రాత్రి బజారులో ఇంకో చిక్కు ఉంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చాలా దీపాలు సెకనుకు వందసార్లు మినుకుమంటాయి. చప్పుడు రాకూడదని ఎలక్ట్రానిక్ షట్టర్ వాడి, వేగం పెంచితే గాజుల దుకాణం ఫొటో నిండా అడ్డచారలు వస్తాయి. వేగాన్ని 100వ వంతుకు దించాలి, లేదా మెకానికల్ షట్టర్‌కు మారాలి. మొదటిదాంట్లో నడిచే కాళ్లు కాస్త చెదురుతాయి.

ఇంట్లో పాత డీఎస్‌ఎల్‌ఆర్, దాంతో వచ్చిన 18-55 లెన్స్ ఉన్నవాళ్లు వెంటనే ఏమీ కొనక్కర్లేదు. జూమ్ రింగును 23 దగ్గర టేపుతో అతికిస్తే, సెన్సర్ చిన్నది కాబట్టి అది 35 మి.మీ.లా పనిచేస్తుంది. నెల రోజులు అలా తిరిగితే ఆ దూరం తమకు సరిపడుతుందో లేదో తెలిసిపోతుంది. ఫోన్ ప్రధాన కెమెరా అయితే సాధారణంగా 24-26 మి.మీ.కు సమానం, అంటే ఇంకా దగ్గరికి వెళ్లమంటుంది.

సెకండ్‌హ్యాండ్ లెన్స్ కొనేటప్పుడు ఫోన్ టార్చిని ఒక వైపు నుంచి వేసి రెండో వైపు నుంచి చూడాలి. సన్నని దారాల్లా, సాలెగూడులా కనిపిస్తే అది ఫంగస్. విశాఖ, చెన్నై లాంటి తీర నగరాల తేమలో అది త్వరగా పాకుతుంది. అలాంటి లెన్స్ సగం ధరకు ఇస్తామన్నా వదిలేయడమే మేలు.