మీకు తెలుసా? ర్యామ్ కొనే ముందు ల్యాప్‌టాప్‌నే అడగొచ్చు

ల్యాప్‌టాప్ నత్తనడక నడుస్తోందంటే చుట్టుపక్కల వాళ్లంతా చెప్పేది ఒకటే మాట: ‘ర్యామ్ వేయించు’. వేయించడానికి లోపల చోటుందో లేదో స్క్రూడ్రైవర్ పట్టకుండానే తెలుసుకోవచ్చని మీకు తెలుసా? విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్‌లోకి వెళ్లి మెమరీ నొక్కండి. గ్రాఫు కింద ‘స్లాట్స్ యూజ్డ్’ ఎదురుగా ‘1 ఆఫ్ 2’ అని ఉంటే ఒక స్లాట్ ఖాళీగా ఉందన్నమాట. ‘ఫామ్ ఫ్యాక్టర్’ దగ్గర సోడిమ్ అని ఉంటే అది ఊడదీసి మార్చుకునే స్టిక్. ‘రో ఆఫ్ చిప్స్’ అని ఉంటే చిప్పుల్ని బోర్డుకే సోల్డరింగ్ చేసేశారని అర్థం. ఈ వివరాలు కొన్ని మోడళ్లలో తప్పుగా కూడా కనిపిస్తాయి. అందుకే డబ్బు కట్టే ముందు కంపెనీ వెబ్‌సైట్‌లో మీ మోడల్ నంబరు కొట్టి, గరిష్ఠంగా ఎంత ర్యామ్ పడుతుందో ఒకసారి సరిచూసుకోండి.

టాస్క్ మేనేజర్‌లోని అదే మెమరీ పేజీలో ఇంకో పరీక్ష ఉంది. మీరు రోజూ తెరిచేవన్నీ, అంటే క్రోమ్‌లో పాతిక ట్యాబులు, ఎక్సెల్, జూమ్, అన్నీ తెరిచి పెట్టి అప్పుడు మెమరీ శాతం చూడండి. తొంభై దాటి అక్కడే కూర్చుంటే ర్యామ్ తక్కువైనట్టే. అలాంటప్పుడు విండోస్ తాత్కాలికంగా అక్కర్లేని సరుకును డిస్కు మీది పేజ్ ఫైల్‌లోకి నెట్టి, కావాల్సినప్పుడు మళ్లీ తెచ్చుకుంటూ ఉంటుంది. మీరు ట్యాబు మార్చగానే తెర బిగుసుకుపోయేది ఆ రాకపోకల వల్లే. సగం కూడా నిండకపోతే మాత్రం ర్యామ్ మీద పెట్టే ప్రతి రూపాయీ దండగ. లోపల ఇంకా పాత హార్డ్ డిస్కే తిరుగుతుంటే ముందు ఎస్ఎస్‌డీ వేయించండి, తేడా మొదటి రోజే తెలుస్తుంది.

ఇంతకీ ఈ ర్యామ్ లోపల ఏముంటుంది? ర్యామ్ చిప్‌లో ఒక్కో బిట్‌కు ఒక చిన్న ట్రాన్సిస్టర్, ఒక చిన్న కెపాసిటర్ ఉంటాయి. కెపాసిటర్‌లో ఛార్జి ఉంటే 1, లేకపోతే 0. చిక్కేమిటంటే, ఆ కెపాసిటర్ చిల్లు కుండ లాంటిది. నింపిన ఛార్జి కారిపోతూనే ఉంటుంది. అందుకే మామూలుగా ప్రతి 64 మిల్లీసెకన్లలోపు, అంటే సెకనుకు పదిహేను సార్లకు పైగా, చిప్ తనలోని వరసలన్నీ చదివి మళ్లీ నింపుకోవాల్సిందే. మీరు ల్యాప్‌టాప్ తెరిచి పెట్టి టీ తాగుతున్నా ఈ పని ఆగదు. ఒక ట్రాన్సిస్టర్, ఒక కెపాసిటర్ అనే ఈ ఏర్పాటు 1966లో ఐబీఎం ఇంజినీరు రాబర్ట్ డెన్నార్డ్‌కు తట్టింది, 1968లో పేటెంటు వచ్చింది. 1970లో ఇంటెల్ అమ్మిన 1103 చిప్‌లో పట్టినవి 1,024 బిట్లు. ఇప్పుడు మీరు వేయించే 8 జీబీ స్టిక్‌లో దాదాపు 6,870 కోట్లు!

కరెంటు పోగానే ర్యామ్‌లోదంతా ఆ క్షణమే తుడిచిపెట్టుకుపోతుందనుకుంటాం. అది పూర్తిగా నిజం కాదు. 2008లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు దుమ్ము ఊదే స్ప్రే డబ్బాను తలకిందులుగా పట్టి చిప్పుల మీద కొట్టి చల్లబరిచారు. కరెంటు తీసేశాక కూడా నిమిషాల తరబడి అందులోని సమాచారం దాదాపు చెక్కుచెదరలేదు. మామూలు వేడిలో మాత్రం కాసేపట్లోనే పోతుంది. కాబట్టి పాత ర్యామ్‌ను నిశ్చింతగా అమ్ముకోవచ్చు. పాత హార్డ్ డిస్కుకు ఆ ధైర్యం పనికిరాదు.

ఇక కొనేటప్పుడు చూడాల్సింది ర్యామ్ తరం. ల్యాప్‌టాప్‌లో వేసే డీడీఆర్3 స్టిక్‌కు 204 పిన్నులు, డీడీఆర్4కు 260, డీడీఆర్5కు 262. ఒకదాని స్లాట్‌లో ఇంకొకటి దూరకుండా కింది అంచున గాటును వేర్వేరు చోట్ల పెట్టారు. దూరకపోతే బలం ఉపయోగించకండి, కొన్నదే తప్పు రకం అయి ఉంటుంది. అసలు మోసం ఆ గాటుకూ దొరకని చోట ఉంది. డీడీఆర్3లో 1.5 వోల్టులది ఒకటి, 1.35 వోల్టులతో నడిచే ‘ఎల్’ రకం ఒకటి. రెండింటికీ గాటు ఒకే చోట! తక్కువ వోల్టేజీ మాత్రమే ఒప్పుకునే ల్యాప్‌టాప్‌లో మొదటిది చక్కగా కూర్చుంటుంది, మిషన్ మాత్రం ఆన్ కాదు. పాత స్టిక్ మీది స్టిక్కర్‌లో పీసీ3 తర్వాత ‘ఎల్’ ఉందేమో చూసి కొనండి. ఇక వేర్వేరు వేగాల స్టిక్కులు జత చేస్తే రెండూ నిదానంగా నడిచేదాని వేగానికే దిగుతాయి.

ఒకే 16 జీబీ స్టిక్ మేలా, రెండు 8 జీబీలు మేలా? నా ఓటు రెండింటికే. రెండు స్టిక్కులుంటే ప్రాసెసర్ రెండు దారుల్లో ఒకేసారి డేటా తీసుకోగలుగుతుంది. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాపుల్లో బొమ్మ గీసే పనికీ ఈ ర్యామే వాడతారు కాబట్టి గేములాడే పిల్లలకు తేడా బాగానే తెలుస్తుంది. అన్నట్టు, 8 జీబీ వేయిస్తే ‘యూజబుల్’ కాస్త తక్కువ చూపిస్తోందని షాపువాణ్ని అనుమానించకండి. ఆ కోత గ్రాఫిక్స్ వాటా. అదే 4 జీబీ దాటడమే లేదంటే మీది 32-బిట్ విండోస్ అయి ఉంటుంది.

సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లోనో, మీ ఊరి రిపేరు షాపులోనో గమనించారా? స్టిక్ తీయగానే కుర్రాడు దాని బంగారు పూత పిన్నుల్ని పెన్సిల్ రబ్బరుతో రుద్దుతాడు. పిన్నుల మీద పేరుకున్న మకిలి పోవడానికే అది. కొత్త ర్యామ్ కొనకుండానే కొన్ని మిషన్లు దాంతోనే లేస్తాయి. మరీ గట్టిగా రుద్దితే పూత లేచిపోతుంది. రబ్బరు పొడి స్లాట్‌లో పడకూడదు. ఇంట్లో మీరే చేసుకుంటే ఛార్జర్ తీసి, లోపల బ్యాటరీ కనెక్టరు కూడా ఊడదీయండి. ఒంటి మీది స్టాటిక్ కరెంటు చురుక్కుమని మనకు తెలియాలంటే మూడు వేల వోల్టుల దాకా ఉండాలి. చిప్ చెడిపోవడానికి అంతకన్నా చాలా తక్కువ చాలు. అందుకే ముందు ఏదైనా లోహపు వస్తువును తాకండి. స్టిక్‌ను సుమారు 30 డిగ్రీల వాలులో పూర్తిగా లోపలికి తోసి, కిందికి నొక్కితే రెండు పక్కలా క్లిప్పులు టక్కున పట్టుకోవాలి.

మొదటిసారి ఆన్ చేసినప్పుడు తెర నల్లగానే ఉండిపోతే కంగారు పడి స్విచ్ ఆపేయకండి. కొత్త ర్యామ్‌తో ఏ వేగంలో, ఏ లెక్కన మాట్లాడాలో మిషన్ సరిచూసుకుంటూ ఉంటుంది. డీడీఆర్5లో దీనికి కొన్ని నిమిషాలు పట్టినా ఆశ్చర్యం లేదు.

పలచటి ల్యాప్‌టాపులు చాలావాటిలో ర్యామ్ మార్చుకునే ముచ్చటే లేదు. ఆపిల్ 2008 నాటి తొలి మ్యాక్‌బుక్ ఎయిర్‌లోనే ర్యామ్‌ను బోర్డుకు అతికించేసింది. 2020లో వచ్చిన ఎం1తో దాన్ని ప్రాసెసర్ ప్యాకేజీలోకే చేర్చింది. మిగతా కంపెనీలూ అదే బాట పట్టాయి. ఇలా చేస్తే చోటు, బ్యాటరీ కలిసొచ్చే మాట నిజమే. మార్చుకునే హక్కు పోయిన మాటా అంతే నిజం. మార్చుకునే వీలుండేలా స్క్రూలతో బిగించే క్యామ్2 అనే కొత్త రకం ర్యామ్‌ను 2023 డిసెంబరులో మెమరీ ప్రమాణాలు నిర్ణయించే జెడెక్ సంస్థ ప్రమాణంగా ప్రకటించింది. ఇంకా కొన్ని మోడళ్లలోనే ఉంది. అందాకా, సోల్డరింగ్ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్ కొంటుంటే 8 జీబీతో సరిపెట్టుకోకండి, మొదటే 16 తీసుకోండి.