మూడేళ్ల ఆదివారాలు... ఒక్క లెక్క!

1903 అక్టోబరు 31. న్యూయార్క్‌లో అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ సమావేశం. కొలంబియా విశ్వవిద్యాలయ ప్రొఫెసర్ ఫ్రాంక్ నెల్సన్ కోల్ వంతు వచ్చింది. ఆయన మాటా పలుకూ లేకుండా నల్లబల్ల దగ్గరికెళ్లి సుద్దముక్క అందుకున్నాడు. 67 రెండ్లను వరసగా గుణించి, అందులోంచి ఒకటి తీసేశాడు. వచ్చిన సంఖ్య 14,75,73,95,25,89,67,64,12,927. పక్కన ఖాళీగా ఉన్నచోట 19,37,07,721ని 7,61,83,82,57,287తో బళ్లో పిల్లాడిలా వరస వరసా వేసి గుణించాడు. రెండు జవాబులూ ఒక్కటే! సుద్దముక్క పెట్టేసి వచ్చి కూర్చున్నాడు. హాలంతా చప్పట్లు.

గణితజ్ఞుడు ఇ.టి.బెల్ చెప్పిన కథ ఇది. ఆయన కాస్త మసాలా కలిపి ఉండొచ్చుగానీ, లెక్క మాత్రం నూటికి నూరుపాళ్లూ నిజం.

చదరంగం బల్ల మీద మొదటి గడిలో ఒక గింజ, రెండోదాంట్లో రెండు, మూడోదాంట్లో నాలుగు... ఇలా పెట్టుకుంటూ పోతే రాజుగారి ధాన్యమంతా చాలని కథ తెలిసిందేగా. ఆ బల్లకు 64 గళ్లు కాక ఇంకో మూడు ఉంటే, మొత్తం గింజలు సరిగ్గా ఇన్నే!

ఇంతకీ చప్పట్లెందుకు? 1644లో మారెన్ మెర్సెన్ అనే ఫ్రెంచి క్రైస్తవ సన్యాసి దీన్ని ప్రధాన సంఖ్య అన్నాడు. అంటే ఒకటీ, తనూ తప్ప మరే సంఖ్యా దాన్ని శేషం లేకుండా భాగించదని. రెండు వందల ఏళ్లకు పైగా ఆ మాటే చెల్లింది. 1876లో ఎడువర్డ్ లూకాస్ అది తప్పని తేల్చాడు. విచిత్రమేమిటంటే, ఏ సంఖ్య భాగిస్తుందో ఆయనకూ తెలీదు! పుచ్చకాయను కోయకుండా, తట్టి చూసి పండలేదని చెప్పినట్టన్నమాట.

కోసి చూపించింది కోల్. ఈ సంఖ్యను భాగించేది ఏదైనా సరే, దాన్ని 134తో భాగిస్తే 1 మిగలాలన్నది గణితజ్ఞులకు తెలిసిన సంగతే. కాబట్టి 135, 269, 403... ఇలా 134 చొప్పున దాటుకుంటూ వెతకాలి. కోల్‌కు దొరికిన చిన్న కారణాంకం ఆ వరసలో ఎన్నోదో తెలుసా? 14,45,580వది! కంప్యూటర్లు లేవు. ఒక్కొక్కటే వేసి చూస్తూ కూర్చుంటే అయ్యే పని కాదు. అందుకే ఆయన శేషాల లెక్కలతో కుదరనివాటిని గుంపులు గుంపులుగా వడగట్టేశాడు. ఎంతకాలం పట్టిందని 1911లో బెల్ అడిగితే, 'మూడేళ్ల ఆదివారాలు' అన్నాడట. ఆ ఇంట్లోవాళ్లు ఏమనుకున్నారో మరి!

గుణించి చూపడానికి కాసేపు, విడగొట్టడానికి మూడేళ్లు. సరిగ్గా ఈ తేడానే ఆసరా చేసుకుని 1977లో రివెస్ట్, షమీర్, ఏడెల్‌మన్‌లు ఒక రహస్య సంకేత పద్ధతిని తయారుచేశారు. ఇంటర్నెట్‌లో మన సమాచారానికి తాళం వేసే పద్ధతుల్లో అదొకటి. కోల్ విడగొట్టిన 21 అంకెల సంఖ్య ఇప్పటి కంప్యూటర్లకు చిటికెలో పని. అందుకే ఆ తాళాలకు ఆరు వందలకు పైగా అంకెలున్న సంఖ్యలు వాడుతున్నారు.

అన్నట్టు, మెర్సెన్ జాబితాలో 67 ఉందిగానీ 61 లేదు. 61 రెండ్లను గుణించి ఒకటి తీసేస్తే వచ్చేది ప్రధాన సంఖ్యేనని 1883లో రష్యాకు చెందిన పెర్వూషిన్ నిరూపించాడు. దాంతో మెర్సెన్ రాసింది 61 అనీ, అచ్చులో అది 67 అయిందేమో అనీ కొందరికి అనుమానం. అదే నిజమైతే... ఆ మూడేళ్ల ఆదివారాలకూ మూలం ఓ అచ్చుతప్పు!