చేతికి తెలియాలి

దంతవైద్య విద్యార్థులకు పాఠాలు చెప్పడం మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది. పుచ్చుపన్ను తొలవడం నోటిమాటతో వచ్చే విద్య కాదు. పంటి పైపొర ఎనామెల్ మన ఒంట్లోకెల్లా గట్టిది. దాని మీద డ్రిల్లు మొరాయిస్తుంది. లోపలి డెంటిన్ తగిలితే కాస్త దారిస్తుంది. పుచ్చిన చోట మెత్తగా దిగబడుతుంది. ఆ తేడా చేతికి తెలియకపోతే నరం దాకా పోతాం. మా రోజుల్లో పీకేసిన పళ్లను సీసాల్లో పోగేసుకుని సాధన చేసేవాళ్లం.

ఈమధ్య ఒక సిమ్యులేటర్ ముందు కూర్చున్నాను. కళ్లద్దాల్లోంచి చూస్తే ఎదురుగా దవడ పన్ను. నిజానికి అక్కడున్నది ఖాళీ జాగా. డ్రిల్లు దించితే గాల్లోనే టక్కున ఆగింది. అదిమిపట్టాను, ఎనామెల్ సన్నగా అరుగుతోంది. ఉన్నట్టుండి చేతికింద మెత్తబడింది. పాత అలవాటు కదా, చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చేసింది.

ఇందులో కనికట్టు లేదు. డ్రిల్లు పిడిని మోటార్లున్న ఒక లోహపు చట్రానికి బిగిస్తారు. కొన ఎక్కడుందో, అక్కడ పన్ను ఎంత గట్టిదో కంప్యూటర్ లెక్కగట్టి, అంతే బలంతో మోటార్ల చేత ఎదురు తోయిస్తుంది. ఇదంతా సెకనుకు సుమారు 1000 సార్లు. సినిమాలో సెకనుకు 24 బొమ్మలు చూపిస్తే కన్ను నమ్మేస్తుంది. చెయ్యి అంత తేలిగ్గా నమ్మదు. లెక్క ఆలస్యమైతే గట్టి పన్ను కూడా స్పాంజిలా తోస్తుంది.

ఈ విద్య పేరు హ్యాప్టిక్స్. 1990ల మొదట్లో అమెరికాలోని ఎంఐటీలో థామస్ మాసీ, కెన్నెత్ సాలిస్‌బరీ 'ఫాంటమ్' అనే పరికరం చేశారు. దర్జీలు వేలికి పెట్టుకునే తొడుగులాంటి దాంట్లో వేలు దూరిస్తే, లేని వస్తువు తగిలేది. 2002లో ఎంఐటీలోనే మందయం శ్రీనివాసన్ బృందం, లండన్ పరిశోధకులు కలిసి మరో ప్రయోగం చేశారు. అట్లాంటిక్‌కు అటొకరు, ఇటొకరు కూర్చుని తెరమీది ఒకే ఘనాన్ని చెరోవైపు పట్టి లేపారు. ఒకరు తోస్తే రెండోవారి చేతికి తెలిసింది.

ఇదంతా చెబితే మా అమ్మ అడిగింది: "అయితే ఫోన్లో చీర పట్టి చూడొచ్చా రా?"

లేదమ్మా. పనిముట్టుతో తాకడం వేరు, వేలితో తాకడం వేరు. డ్రిల్లు తాకేది ఒక్క బిందువును, అక్కడ సరిగ్గా ఎదురు తోస్తే చాలు. చీర అంచు నలిపితే వేలి చర్మంలోని వేల గ్రాహకాలు నేత గరుకు, జారుడు, చల్లదనం అన్నీ ఒక్కసారే పసిగడతాయి. గాలిబుడగల గ్లౌజులు, అల్ట్రాసౌండ్‌తో అరచేతిని తాకే యంత్రాలూ వచ్చాయి. అయినా పట్టుకీ నూలుకీ ఉన్న తేడా వేలికి అందించడం ఇంకా కష్టమే.

నేను కూర్చున్న యంత్రంలో అడ్డొచ్చే నాలుక లేదు, ఊరే లాలాజలం లేదు, భయంతో కుర్చీ చేతుల్ని బిగబట్టిన మనిషీ లేడు. అవి నేర్పాల్సింది మేమే. అందుకే మా పిల్లలకు ఒకటే చెబుతాను: మొదటి పది తప్పులూ నొప్పి తెలియని ఆ పంటి మీద చేయండి, ఆ తర్వాతే మనిషి నోటి దగ్గరికి రండి.