పరదేశికి తెరచిన తలుపు



తలాంతు అనే మాట మన సంఘాలలో తరచు వింటాము. పాట పాడే బిడ్డను, కీబోర్డు వాయించే యౌవనస్థుని చూచి "దేవుడు మంచి తలాంతు ఇచ్చాడు" అంటాము. సండేస్కూలు పిల్లలకు తలాంతుల పోటీలు పెడతాము. అయితే మత్తయి సువార్త 25వ అధ్యాయములో ప్రభువు ఈ మాట పలికినప్పుడు విన్నవారికి పాటలు, వాయిద్యములు గుర్తుకు రాలేదు. తలాంతు అంటే సొమ్ము. ఒక తలాంతు 6,000 దేనారములు. దేనారము ఒక కూలివాని దినకూలి. లెక్క వేస్తే ఇంచుమించు ఇరవై ఏండ్ల కష్టార్జితము! అంత సొమ్ము చేతిలో పెట్టకముందే ఆ దాసులు యజమానుని ఇంట ఉన్నారు. ఈ సంగతిని మనము గమనించకుండా దాటిపోతాము.

ఈ వారము లోపెజ్ లొమాంగ్ అనే సహోదరుని జీవితమును మీ ముందు ఉంచుచున్నాను. 1985లో, నేడు దక్షిణ సూడాన్ అని పిలువబడే దేశములోని కిమోటోంగ్ అనే పల్లెలో పుట్టాడు. ఆ రోజుల్లో అక్కడ అంతర్యుద్ధము. అతనికి ఆరేండ్ల వయస్సులో, ఒక ఆదివారము తల్లిదండ్రులతో ఆరాధనలో ఉండగా ఆయుధాలు పట్టినవారు వచ్చి పిల్లలను ఎత్తుకొనిపోయారు. ఆరాధనలో నుండి, ప్రియులారా! ఆ పిల్లలకు తుపాకులిచ్చి యుద్ధానికి పంపడము వారి ఉద్దేశము. లోపెజ్‌ను మరి అనేకమంది పిల్లలతో ఒక గదిలో బంధించారు. తనకన్న పెద్దవారైన ముగ్గురు బాలురు ఒక రాత్రి కంచెలోని సందు గుండా అతనిని బయటికి లాగి, తమతో తీసికొనిపోయారు. మూడు రోజులు పరుగెత్తి కెన్యా సరిహద్దు దాటారు. అతని మొదటి పరుగు పందెము ఇదే.

కాకుమా అనే శరణార్థి శిబిరములో దాదాపు పదేండ్లు గడిపాడు. ఇక్కడ ఒక మాట చెప్పాలి. మన గోదావరి జిల్లాలనుండి, కడపనుండి, కరీంనగర్‌నుండి గల్ఫ్ దేశాలకు పోయేవారిని మనమెరుగుదుము. వారి కష్టము చిన్నది కాదు. అయినా పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉన్నా సరే, వారు ఫలానా దేశపువారని అది చెబుతుంది. ఊరిలో ఎదురుచూచే ఇల్లు ఉంటుంది. శరణార్థికి ఈ రెండూ ఉండవు. తిరిగి వెళ్తే ప్రాణమే దక్కదు. ఇంటిలో ఈ బాలుడు చనిపోయాడనుకొని అంత్యక్రియలు కూడా జరిపించారు. యోసేపు కొరకు యాకోబు ఏడ్చిన ఏడ్పు మీకు జ్ఞాపకమే గదా.

శిబిరములో దినమునకు ఒక్క పూట భోజనము. ఆకలి మరచిపోవడానికి పిల్లలకు ఫుట్‌బాల్ ఉండేది. ఆడాలనుకొనేవారు చాలామంది, స్థలము కొంచెము. గనుక ముందు శిబిరము చుట్టూ ఒకసారి పరుగెత్తి రావాలని నియమము పెట్టారు. ఆ చుట్టు సుమారు 30 కిలోమీటర్లు! బంతి తన్నాలనే ఆశతో ఆ పిల్లవాడు అంత దూరము పరుగెత్తేవాడు. దానిని తలాంతు అని అక్కడ ఎవరూ అనుకోలేదు.

2000వ సంవత్సరములో సిడ్నీ ఒలింపిక్స్ జరుగుచుండగా, స్నేహితులతో కలిసి చాలా దూరము నడచి, ఐదు షిల్లింగులు చెల్లించి, ఒక చిన్న బ్లాక్ అండ్ వైట్ టీవీలో మైఖేల్ జాన్సన్ 400 మీటర్ల పరుగు చూశాడు. గెలిచిన ఆ మనిషి కన్నీరు పెట్టుకోవడము చూచి, తానూ ఆ దేశపు దుస్తులతో పరుగెత్తాలని ఆశపడ్డాడు. మరుసటి సంవత్సరము, సూడాన్ యుద్ధములో చెదిరిపోయిన బాలురలో సుమారు 3,800 మందిని అమెరికా చేర్చుకొన్నది. లోపెజ్ తన కథను తనకు తెలిసిన స్వాహిలీ భాషలో వ్రాసి, ఇంగ్లీషులోకి మార్పించి దరఖాస్తు పెట్టుకొన్నాడు. న్యూయార్క్ రాష్ట్రములోని టల్లీ అనే చిన్న ఊరిలో రాబర్ట్, బార్బరా రోజర్స్ అనే దంపతులు అతనిని తమ ఇంట చేర్చుకొన్నారు. మొదటి రాత్రి లైటు వెలుగుతుండగానే పడుకొన్నాడు. దానిని ఎలా ఆర్పాలో అతనికి తెలియదు.

ఆ దంపతులు ఒక క్రీడాకారుని కొరకు వెదకలేదు. ఇల్లు లేని ఒక బాలునికి పడక ఇచ్చారు. బడిలో పరుగు పందెముల జట్టులో చేరడము ఆ తరువాతి మాట. 2007లో నార్తర్న్ అరిజోనా విశ్వవిద్యాలయము తరఫున జాతీయ కళాశాలల పోటీలలో 1500 మీటర్ల పరుగు గెలిచాడు. అదే ఏడు జూలైలో అమెరికా పౌరుడయ్యాడు. పదమూడు నెలలకు, 2008 ఆగస్టు 8న, బీజింగ్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవములో అమెరికా జెండా మోశాడు. అతనిని ఎన్నుకొన్నది తోటి క్రీడాకారులే. పతకము రాలేదు, 2012లో లండన్‌లో 5000 మీటర్ల పరుగులో పదవవాడయ్యాడు. తల్లి బ్రదికి ఉందని 2003లోనే తెలిసింది. తరువాత తమ్ముళ్లిద్దరిని అమెరికాకు రప్పించి చదివించాడు. దక్షిణ సూడాన్‌లో మంచినీరు, చదువు, వైద్యము కొరకు వరల్డ్ విజన్ సంస్థతో కలిసి పనిచేశాడు.

ఇలాంటి సాక్ష్యమును యౌవనస్థుల కూటములో చెప్పి "చూడు తమ్ముడూ, కష్టపడితే నీవూ ఇలాగే ఎదుగుతావు" అని ముగించడము తేలిక. నాకది చాలదనిపిస్తుంది. కాకుమాలో 30 కిలోమీటర్లు పరుగెత్తినవాడు లోపెజ్ ఒక్కడే కాదు. ప్రపంచములోని శరణార్థులలో నూటికి ఒక్కరికన్న తక్కువమందికే ఏటా మరొక దేశములో స్థిరపడే అవకాశము దొరుకుతుంది. మిగిలినవారు సోమరులా? పరుగు రాని పిల్లవానికి ఆకలి వేయదా? కాళ్లలో వేగము చూచి తలుపు తెరిచేవారు ఉన్నారు. క్రీడా సంఘాలు చేసే పని అదే, తప్పు పట్టను. సంఘము చేయవలసినది మాత్రము రోజర్స్ కుటుంబము చేసిన పని. ద్వితీయోపదేశకాండములో ఇశ్రాయేలీయులు పరదేశిని ప్రేమించవలెనని చెప్పినప్పుడు ఆ పరదేశికి ఏ విద్య వచ్చునో దేవుడు అడగలేదు. వారూ ఐగుప్తులో పరదేశులై యుండిరని మాత్రమే జ్ఞాపకము చేశాడు.

కాకుమా శిబిరము ఇంకను ఉన్నది. అక్కడ ఉన్నవారు రెండు లక్షలకు పైమాటే. 2016లో రియో ఒలింపిక్స్‌కు మొదటిసారిగా పదిమందితో శరణార్థుల జట్టు ఏర్పడినప్పుడు, వారిలో ఐదుగురు ఈ కాకుమానుండి వచ్చిన దక్షిణ సూడాన్ వారే. శిబిరములో జరిగిన ఎంపిక పరుగులో చెప్పులు కూడా లేకుండా పరుగెత్తిన రోజ్ లొకోన్యెన్ అనే యువతి ఆ జట్టు ముందు జెండా పట్టుకొని నడిచింది. ఆ జట్టుకు ఏ దేశపు జెండా లేదు గనుక ఒలింపిక్ జెండానే ఇచ్చారు. ఆమె 800 మీటర్ల పోటీ తొలి దశలోనే ఆగిపోయింది. ఆటలు ముగిసిన తరువాత శరణార్థిగానే కెన్యాకు తిరిగి వెళ్లింది.