దారిలో పుస్తకం

మా బాన్సువాడకు రైలు లేదు. ప్రయాణంలో వెంట ఉండే పుస్తకం గురించి మాట్లాడుతూ రైలు ప్రస్తావన ఎందుకంటే, ఆ పుస్తకానికి రూపమిచ్చింది ప్రధానంగా రైలే. 1888లో అలహాబాదులోని వీలర్ సంస్థ ‘ఇండియన్ రైల్వే లైబ్రరీ’ పేరిట రూపాయికొక పుస్తకం స్టేషన్లలో అమ్మింది. కిప్లింగ్ తొలి కథాసంపుటాలు కొన్ని అలా వచ్చినవే. 1935లో ఇంగ్లండులో అలెన్ లేన్ పెంగ్విన్ పుస్తకాలను ఆరు పెన్నీలకే తెచ్చాడు. పుస్తకం పరిమాణాన్నీ, బరువునూ, వెలనూ ప్రయాణికుడి జేబు నిర్ణయించిందన్నమాట.

అయితే ఎవరి జేబు? 1888లో రూపాయి పెట్టి ఇంగ్లీషు కథలు కొన్నవాడు మూడో తరగతి పెట్టెలోని కూలీ కాడు. రైలెక్కిన వారంతా పాఠకులు కాలేదు. పట్టాలు పడని ఊళ్ల సంగతి చెప్పనే అక్కరలేదు.

ఈ లోటును మనవాళ్లు మరో విధంగా పూరించారు. 1935లోనే పాతూరి నాగభూషణం పెదవడ్లపూడి, కొల్లూరుల మధ్య కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపారు. ఉర్దూయే చదువుల భాషగా ఉన్న నిజాం రాజ్యంలో వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి, తెలుగు పుస్తకాలు మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మారు. స్టేషను దుకాణంలో పాఠకుడే పుస్తకం దగ్గరకు పోవాలి. ఇక్కడ పుస్తకమే పాఠకుణ్ణి వెతుక్కుంటూ వచ్చింది. 1955లో వెలువడిన ఆయన ‘ప్రజల మనిషి’ నవలలో పల్లె అంత సజీవంగా ఉండటానికి ఆ తిరుగుడే ఒక కారణమని నా అభిప్రాయం.

కాబట్టి దారిలో పుస్తకం రెండు పనులు చేయగలదు. పక్కమనిషికీ మనకూ మధ్య తెర కట్టగలదు. లేదా మాట కలపగలదు. నిజామాబాదు బస్సులో కథల సంపుటి తెరిస్తే, “ఏం పుస్తకం సార్ అది?” అని అడిగేవారు నాకు ఇప్పటికీ తగులుతుంటారు. ఆ ప్రశ్నకు రెండు మాటల్లో జవాబు చెప్పలేని విమర్శకుడు తన విమర్శను మరోసారి సరిచూసుకోవాలి.

ఈనాడు సెల్‌ఫోనులో వెయ్యి పుస్తకాలు పడతాయి. అది మేలే. కాని ఫోనుకు అట్ట లేదు. మనం ఏం చదువుతున్నామో పక్కసీటువాడికి కనిపించదు. కనిపించనిదాన్ని అడగడు, చదివి ఇస్తానని తీసుకోడు.

సాహిత్య విద్యార్థులకు నేను చెప్పేది ఇంతే: ప్రయాణానికి ఒక పుస్తకం పెట్టుకోండి. దానికి వార్తాపత్రిక అట్ట వేయకండి. ఎవరైనా అడిగితే ఇచ్చి దిగిపోగలిగిన పుస్తకమే పెట్టుకోండి.