ఊరి చందా, ఊరి లెక్క

మన గ్రామములలో చందా క్రొత్త మాట కాదు. రామమందిరమునకు, చలివేంద్రమునకు, బడి గదికి, చెరువు గట్టు మరమ్మతుకు ఊరివారందరు తలా ఇంత వేసుకొని పని నెరవేర్చుకొనుట తరతరముల వాడుక. అయినను గ్రామములలో మేము పర్యటించునపుడు రెండు విధముల మాటలు వినవచ్చుచుండును. "మా ఊరివారు అడిగిన పనికి లేదనరు" అని కొన్ని చోట్ల, "మా ఊరిలో పైసా రాలదు" అని మరికొన్ని చోట్ల చెప్పుదురు. ఈ రెండు ఊళ్లలోను పంటలు ఒక్క తీరుననే పండును. మనుషులును ఒక్క తీరువారే. భేదము దానగుణములో లేదు, లెక్కలో నున్నదని మా అనుభవము.

ఒక గ్రామములో పఠనమందిరమునకై పండుగనాడు చందాలు వసూలు చేసిరి. అడిగిన వారందరు పెద్దమనుషులే, పైకము నిచ్చిన వారందరు సంతోషముగా నిచ్చిరి. మందిరమునకు గోడలు లేచినవి. కాని వచ్చినదెంత, ఖర్చయినదెంత అన్నది ఎవరును చదివి చెప్పలేదు. ఒక్క రూపాయి అయినను దుర్వినియోగమైనదని ఎవరును నిరూపింపలేదు. అయినను మరుసటి ఏడు కప్పు వేయుటకు చందా అడుగబోగా, "మొదటి లెక్క చెప్పుడు" అను మాట ప్రతి గుమ్మము వద్దను ఎదురైనది. ఆ గోడలు చాలకాలము కప్పు లేకయే నిలిచినవి. చేతులు శుద్ధముగా నుండుట మాత్రమే చాలదు. ఆ సంగతి పదిమందికి కనబడవలెను.

పెద్దలు చూపిన త్రోవ

తెలుగునాట గ్రంథాలయములు ప్రభుత్వ నిధులతో మొదలైనవి కావు. హైదరాబాదులో 1901వ సంవత్సరమున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. బెజవాడలో 1914వ సంవత్సరము ఏప్రిల్ 10వ తేదీన శ్రీ అయ్యంకి వెంకటరమణయ్యగారి పూనికతో ఆంధ్రదేశ గ్రంథాలయముల ప్రతినిధులు మహాసభగా సమావేశమైరి. శ్రీ చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు అధ్యక్షత వహించిరి. చీరాల సమీపముననున్న వేటపాలెములో 1918లో వెలసిన సారస్వత నికేతనమునకు 1929లో గాంధీ మహాత్ముడు శంకుస్థాపన చేసెను. గ్రంథాలయముల చట్టము మన రాష్ట్రములో 1960లో వచ్చినది. అంతకు ముందు ఇట్టి సంస్థలు ముఖ్యముగా పుస్తకప్రియుల చందాలతోను, దాతల విరాళములతోను నడచినవి.

అడుగు విధమునకు మరియొక నిదర్శనము పోచంపల్లిలో నున్నది. 1951వ సంవత్సరము ఏప్రిల్ 18వ తేదీన అచ్చటి దళిత కుటుంబములవారు తమకు 80 ఎకరముల భూమి కావలెనని వినోబాజీకి విన్నవించిరి. ఆయన ఆ కోరికను ఊరివారి సభలోనే వినిపించిరి. శ్రీ వెదిరె రామచంద్రారెడ్డిగారు లేచి 100 ఎకరముల నిచ్చెదనని ప్రకటించిరి. అడిగినది ఎంతయో స్పష్టముగా నుండెను. అడిగిన తావు బహిరంగము. ఈ రెండును చందాకు ప్రాణములు.

ఎవరు వసూలు చేయవలెను?

పన్ను వేరు, చందా వేరు. పంచాయతీ విధించు పన్ను చట్టబద్ధము, చెల్లింపక తప్పదు. చందా ఇష్టపూర్వకము. కావున ధ్రువపత్రమునకు వచ్చినవానిని, కుళాయి కోరి వచ్చినవానిని నిలిపి "ముందు చందా కట్టుము" అనుట తగదు. అట్లు వచ్చిన పైకము చందా కాదు, దండుగ. అది ఒక్కసారి వచ్చును; మరుసారి రాదు.

గ్రంథాలయము, వృద్ధాశ్రమము, యువజన సంఘము వంటి సేవాసంస్థకు తన సొంత పేరు, సొంత ఖాతా ఉండుట మేలు. 2001వ సంవత్సరపు సంఘముల నమోదు చట్టము ప్రకారము ఏడుగురు లేక అంతకు మించినవారు కలసి సంఘమును నమోదు చేయించుకొనవచ్చును. పంచాయతీ సభ్యులు దానికి అండగా నిలువవలెనే గాని, ఊరి చందాను పంచాయతీ నిధిలో కలుపరాదు. పంచాయతీ నిధిని చందాలో కలుపరాదు.

ఎట్లు అడుగవలెను?

మొదట అంచనా వ్రాయుడు. "గ్రంథాలయమునకు సహాయము చేయుడు" అనుట కంటె, "రెండు బల్లలు, పది కుర్చీలు, ఏడాది పత్రికల చందా, వీనికింత కావలెను" అనుట మేలు. దాత తానిచ్చిన రూపాయి ఏ కుర్చీగా మారినదో చూడగలుగును.

రెండవది, ఒక్క ధనికునిపై ఆధారపడకుడు. మూడు వందల గడపలున్న ఊరిలో గడపకు నెలకు ఇరువది రూపాయలైనచో నెలకు 6,000, ఏడాదికి 72,000 రూపాయలగును. ఒక్క దాత ఇంత మొత్తమీయగలడు. కాని అతడు విసిగిననాడు సంస్థ మూతపడును. మూడు వందలమంది ఒక్కమారుగా విసుగరు. పైగా ఇరువది రూపాయలిచ్చినవాడు గ్రంథాలయము "మాది" అనుకొని పుస్తకమునకు వచ్చును. ఇల్లిల్లు పిడికెడు గింజలు వేయు సర్వోదయ పాత్రను వినోబాజీ ప్రచారము చేయుటలోని అంతరార్థమిదియే.

మూడవది, పైకము లేనివారిని చిన్నచూపు చూడకుడు. ఒకరు బండెడు ఇసుక నిచ్చెదరు, ఒకరు రెండు దినములు తాపీపని చేసెదరు. దానికిని విలువ కట్టి, పైకముతో సమానముగా పేరు వ్రాయుడు.

రశీదు, ఖాతా

పది రూపాయలకైనను వరుస సంఖ్యగల రశీదు ఈయవలెను. నకలు పుస్తకములో నిలువవలెను. ఖాతా సంఘము పేర నుండవలెను. ఇద్దరి సంతకములు లేనిదే పైకము తీయరాదు. ఈ దినములలో సెల్‌ఫోను ద్వారా పైకము పంపుట పరిపాటి అయినది. సభలో గోడకంటించు క్యూఆర్ కోడ్ సంఘపు ఖాతాదే కావలెను. కోశాధికారి ఎంత నమ్మకస్తుడైనను అతని సొంత ఖాతాకు చందా చేరరాదు. రెండు పైకములు ఒకచోట కలసిన పిదప విడదీయుట కష్టము. అనుమానమును విడదీయుట అంతకన్న కష్టము.

సంఘము ఆదాయపు పన్ను శాఖవారి ఆమోదము పొందినచో దాతకు పన్నులో కొంత తగ్గింపు లభించును. కాని 2,000 రూపాయలకు మించిన విరాళమును నగదుగా నిచ్చినచో ఆ తగ్గింపు రాదు.

విదేశములలోని మనవారు

ఊరి పిల్లలు పలువురు నేడు పరదేశములలో నున్నారు. పుట్టిన ఊరికి ఏదేని చేయవలెనని కోరుచున్నారు. ఇచ్చట మెలకువ అవసరము. భారత పౌరసత్వము నిలుపుకొన్నవారు తమ సొంత సంపాదనను మామూలు బ్యాంకు మార్గమున పంపినచో అది విదేశీ విరాళము కాదు. అన్యదేశ పౌరసత్వము స్వీకరించినవారు, మన ఊరిలో పుట్టినవారైనను, ప్రవాస భారతీయ కార్డు కలవారైనను, వారు పంపునది విదేశీ విరాళమే. దానికి 2010వ సంవత్సరపు చట్టము క్రింద కేంద్ర హోం శాఖవారి నమోదు గాని ముందస్తు అనుమతి గాని ఉండవలెను. పైకము ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ఇందులకై తెరచిన ఖాతాకే మొదట రావలెను. తెలియక స్వీకరించిన మంచి పైకము కూడ సంఘమును చిక్కులలో పడవేయును. కావున దాతను ముందుగా పౌరసత్వమెక్కడిదని అడుగుట మొగమాటపడవలసిన విషయము కాదు.

లెక్క చదువు దినము

వీనన్నిటికన్న ముఖ్యమైనది చివరి పని. ఏడాదికొకమారు, పనులు తీరిన కాలమున, ఊరివారినందరిని పిలిచి జమాఖర్చులు బిగ్గరగా చదువవలెను. ఎవరెంత ఇచ్చినది, దేనికెంత అయినది, మిగిలినదెంత, తప్పినదేమి, అన్నియు చెప్పవలెను. అంచనా మించినచో ఏల మించినదో చెప్పవలెను. ఆ పట్టికను రచ్చబండ వద్ద అంటింపవలెను. ప్రశ్న వేసినవానిని విరోధిగా చూడరాదు. అతడు సంస్థకు కాపలాదారు.

మేము మొదట చెప్పిన ఊరిలోను చివరకు ఇట్లే జరిగినది. యువకులు కొందరు పాత కాగితములు వెదకి, దొరికినవానితో లెక్క కట్టి, దొరకనిదానిని దొరకలేదనియే వ్రాసి, సభలో చదివిరి. సభలో కొంతసేపు మాటలు పెరిగినవి. పిదప ఒక వృద్ధురాలు కొంగుముడి విప్పి నూరు రూపాయల నోటు బల్లపై నుంచినది. ఆ ఏడే మందిరమునకు కప్పు పడినది.

పంచాయతీ సభ్యులారా, మీ ఊరిలో చందా రాలుట లేదని తోచినపుడు ముందుగా దాతలను నిందింపకుడు. గడచిన చందా లెక్క ఊరిలో చదువబడినదా అని విచారింపుడు. చదువబడనిచో, క్రొత్త రశీదు పుస్తకము అచ్చువేయించుటకు ముందే పాత లెక్క చదివింపుడు.