గది శుభ్రం చేసిన మనిషి పేరు కూడా రాయాలి

2008 సెప్టెంబరులో జాంబియా రాజధాని లుసాకా నుంచి ఒక రోగిని విమానంలో జొహానెస్‌బర్గ్‌కు తెచ్చారు. ఆమెకు తీవ్రమైన జబ్బు. అది ఏ జబ్బో అప్పుడు ఎవరికీ తెలియదు. రెండు రోజులకే ఆమె చనిపోయారు.

తరువాత, విమానంలో ఆమె వెంట వచ్చిన పారామెడిక్‌కు జ్వరం వచ్చింది. ఆస్పత్రిలో ఆమెను చూసుకున్న నర్సుకు వచ్చింది. ఆమె ఉన్న గదిని శుభ్రం చేసిన క్లీనర్‌కూ వచ్చింది. ముగ్గురూ చనిపోయారు. పారామెడిక్‌కు సేవ చేసిన ఇంకొక నర్సు కూడా జబ్బు పడ్డారు. ఆమెకు రిబావిరిన్ అనే మందు ఇచ్చారు. అయిదుగురిలో ఆమె ఒక్కరే బతికారు.

పరీక్షల్లో తేలింది ఒక కొత్త వైరస్. లుసాకాలోని ‘లు’, జొహానెస్‌బర్గ్‌లోని ‘జో’ కలిపి దానికి ‘లుజో’ అని పేరు పెట్టారు.

ఇలాంటి వ్యాధి వచ్చినప్పుడు ఆరోగ్య శాఖ మొదట ఒక జాబితా రాస్తుంది. రోగిని తాకినవారు ఎవరు? రక్తం, వాంతి, దుప్పట్లు ఎవరి చేతికి తగిలాయి? వీరినే కాంటాక్టులు అంటారు. కాంటాక్టు అంటే రోగి అని అర్థం కాదు. జబ్బు రావచ్చు, రాకపోవచ్చు. అందుకే కనిపెట్టి చూస్తారు.

ఎలా చూస్తారు? రోజుకు రెండుసార్లు జ్వరం కొలుస్తారు. ఇలా 21 రోజులు. చివరిసారి రోగి దగ్గర ఉన్న రోజు నుంచి లెక్క మొదలవుతుంది. జ్వరం వస్తే వెంటనే వేరే గదిలో ఉంచి రక్తపరీక్ష చేస్తారు. 21 రోజులు ఏమీ కాకపోతే ఆ పేరు పక్కన గీత పెడతారు. ఇక భయం లేదు.

ఈ పని ఫలిస్తుందని మన దేశానికి ముందే తెలుసు. 1996లో గాబన్ నుంచి జొహానెస్‌బర్గ్ వచ్చిన ఒక డాక్టరుకు ఎబోలా ఉంది. ఆయన కోలుకున్నారు. కానీ అక్కడి నర్సు ఒకరికి అది సోకి, ఆమె చనిపోయారు. కాంటాక్టులందరినీ కనిపెట్టి చూశారు. మూడో మనిషికి వ్యాధి రాలేదు.

అయితే జాబితా ఎంత పూర్తిగా ఉంటే అంతే మేలు. డాక్టర్ల పేర్లు, నర్సుల పేర్లు ఎవరికైనా గుర్తుకు వస్తాయి. నేల తుడిచినవారు, దుప్పట్లు ఉతికినవారు, స్ట్రెచర్ తోసినవారు? వైరస్‌కు పెద్ద ఉద్యోగం, చిన్న ఉద్యోగం అనే తేడా లేదు. లుజో ఆ సంగతి చెప్పింది. క్లీనర్‌కు కూడా గ్లవ్స్, మాస్కు, గౌను ఇవ్వాలి. క్లీనర్‌కు కూడా రోజూ ఫోను చేసి, “ఒంట్లో ఎలా ఉందమ్మా?” అని అడగాలి.

ఈ మాట మనకు బాగా అర్థమవుతుంది. నాటాల్ చెరకు తోటలకు వచ్చిన మన పెద్దలకు రిజిస్టరులో ఒక్కొక్కరికి ఒక నంబరు ఉండేది. అది పని లెక్క కోసం. కాంటాక్టుల జాబితా అలాంటిది కాదు. అది మనిషి ప్రాణం కోసం.

ఈ రోజు మన ఇళ్లలోని అక్కలు, పిన్నులు, బాబాయిలు ఎందరో ఆస్పత్రుల్లో పనిచేస్తున్నారు. ఎప్పుడైనా వారిలో ఒకరి పేరు అలాంటి జాబితాలో చేరితే, వారిని వెలివేసినట్టు చూడకండి. సరుకులు గుమ్మం దగ్గర పెట్టండి. సాయంత్రం ఫోను చేయండి. 21 రోజులు ఒంటరిగా లెక్కపెట్టడం కష్టం. తోడుగా లెక్కపెట్టేవారు ఉంటే కొంచెం తేలిక.